చెవి జార్చిన వాటాలు

తూర్పు మెట్ట సూత్రాల వారి ఇంటావిడ గారికి, అడుగుమెట్ట పడమటి వరస నుంచి నమస్కారాలు.

నా అక్షరాలు చూసి నవ్వకండి. నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ తప్పినా మీరే సర్దుకుని చదువుకోండి. సముద్రం అడుగున కట్టిన ఈ గోడల తేమకి కాయితం మెత్తబడి గీతలు అలుక్కుపోయాయి. కొన్నిచోట్ల తప్పు తేమది కాదు, నా చేతిదే.

మీ పేరు నాకు తెలియదు. ఇది మీ వారికి తెలియాల్సిన సంగతి. కాని ముక్కూ మొహం తెలియని మగవారికి ఉత్తరం రాయడం నాకు చేతకాదు. మీరు చదివి ఆయనకి చెప్పండి. నేను రోజూ రాసుకునే కాయితాల్లోంచి అవసరమైనవి ఎత్తి రాస్తున్నాను. మా ఊళ్లో పదకొండు మంది మగవాళ్లు గనికి దిగి, గాలి బిగించిన ఇనపకుండలోనే ఉంటున్నారు. మేము కుండ దిగిన రోజు నుంచి రోజులు లెక్కపెట్టుకుంటాం. మీ ఊళ్లో కుండని ఏమంటారో.

కుండ దిగిన 60వ రోజు

లేవగానే గోడలు తుడిచాను. రెండు గదులకి కలిపి ముంతెడు నీళ్లు వచ్చాయి. వెనకగదిలో అల్లిక మర ఉంది కాబట్టి అక్కడ తేమ ఉండకూడదని మామ రెండుసార్లు తుడిపిస్తారు. ఆయన మా ఊరి సూత్రాల మనిషి. ముప్ఫై ఏళ్ల కిందట సూత్రాల కార్డులన్నీ ఆయనే రాశారు. ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది. కార్డు కావాలంటే నేను తలుపు చాటున నిలబడి చదివి వినిపిస్తాను. ఆయన ఎదురుగా కూర్చోవడం నాకు అలవాటు లేదు.

మర పక్కన గోడకి ముల్లు ఉంది. కొట్టులో ఎన్ని వాటాలు ఖాళీగా ఉన్నాయో అది చూపిస్తుంది. పొద్దున్నే దాన్ని చదివి చెప్పడం నా పని. ఈ రోజు నూట తొంభై.

ఊరి గాలీ బలమూ దాచి ఉంచే తొమ్మిది వందల వాటాల కొట్టు ఇది. తలుపు తెరిస్తే నడవలో గాలి నింపడానికి ఒక వాటా, నీళ్లు పైకి తోడడానికి ఒక వాటా, దీపానికి ఒకటి. పని అయ్యాక వాటా కొట్టుకి తిరిగి వెళ్లిపోవాలి. కుండ దిగినప్పటి నుంచి రోజూ తగ్గుతూనే ఉంది. ఇదివరకు ఆరు వందలకి దిగడమైనా మామ ఎప్పుడూ వినలేదట. ఇంకోసారి చదవమన్నారు. చదివాను. నూట తొంభయ్యే.

రేపటి నుంచి కుండని పైకి లాగుతారని చెప్పారు. పందొమ్మిది రోజులు పడుతుంది. రోజుకి ఇంత అని లెక్క. తొందరపడి లాగితే వాళ్ల రక్తం పొంగుతుంది. నేను ఎనభయ్యో రోజు దగ్గర బొగ్గుతో గోడ మీద చిన్న గీత పెట్టుకున్నాను.

62వ రోజు

మా ఇళ్ల వరస మొదట్లో, విన్నపాలు వినే చెవి గొట్టం దగ్గర ఆడవాళ్లమే నిలబడ్డాం. కుండ దిగక ముందు విన్నపాలు మగవాళ్లే చెప్పేవారు. మా ఇళ్ల మగవాళ్లు కుండలో ఉన్నారు, ముసలివాళ్లు మెట్లెక్కలేరు. మిగిలింది మేము.

చెవికి విన్నపం చెప్పే పద్ధతి మీకు తెలిసిందే. కావలసినవి ముందు, ఇల్లు ఎవరి పేరున ఉంటే ఆ పేరు తర్వాత, చివర 'ఇప్పించండి'. తలుపు ఒకటి, నీళ్లు రెండు, దీపం ఒకటి అని అందరం గడగడా చెబుతాం. పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాం. ఇంటాయన పేరు నోటితో అనకుండా పెరిగిన వాళ్లం. ఒకామె 'మా ఆయన' అంటుంది. ఒకామె 'అప్పన్న వాళ్ల నాన్న' అంటుంది. చెవి ప్రతిసారీ అదే గొంతుతో, విన్నపం తెలియలేదు, మళ్లీ చెప్పండి అంటుంది.

పక్కింటి పోలమ్మ వదిన ఒక ఉపాయం చెప్పింది. మా ఆయన పేరు తను చెబుతుందట, వాళ్లాయన పేరు నేను చెప్పాలట. చెవికి గొంతులు తెలుసు. ఆ ఇంటి మనిషివి కాదు పొమ్మంది.

"నా మొగుడి పేరు నువ్వు సెప్పడానికి నీకు సిగ్గు నేదు, దానికే ఉన్నాది" అంది పోలమ్మ వదిన. వెనకవాళ్లంతా నవ్వారు.

చివరికి తను ధైర్యం చేసి పేరు చెప్పింది, కాని ఉత్త పేరు అనలేక వెనక 'గారు' తగిలించింది. చెవికి గారు తెలియదు. మళ్లీ చెప్పండి అంది. నేను నాలుగుసార్లు తప్పి, అయిదోసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి అన్నాను. ఇంటికి వచ్చి గోడ దగ్గరికి వెళ్లాను. ముల్లు నూట అరవై దగ్గర ఉంది.

63వ రోజు

పడమటి వరస తలుపులన్నీ మూసేశారు. రోజుకి ఒక్కసారి, పొద్దున, తిండి బుట్ట లోపలికి తోయడానికి తెరుస్తారు. ఇంక విన్నపాలు ఎవరింట్లో వాళ్లే గోడ గొట్టంలో చెప్పుకోవాలి. కుండ దిగినప్పుడు ఇంటికి ఒక్క గొంతే చెవికి పట్టించారు, మా ఇంట్లో అది నాది, మామ చెప్పినా వినదు. మా గొట్టం వెనకగదిలో, ముల్లు పక్కనే ఉంది.

తలుపుల పెద్ద జగ్గమ్మ గారు గొట్టంలో అందరికీ వినపడేలా మాట్లాడారు. వాటాలు ఎక్కడికి పోతున్నాయో తెలియడం లేదన్నారు. ముప్ఫైకి వస్తే కొట్టుని ఆపి మళ్లీ మొదలుపెట్టక తప్పదన్నారు. ఏడాదికోసారి ఆపే రోజున అదే చేస్తాం. అందరం పెద్ద హాలులో గాలి ముసుగులు పెట్టుకుని రెండు గంటలు కూర్చుంటాం. కొట్టు ఖాళీ అయి, మళ్లీ తొమ్మిది వందలతో మొదలవుతుంది. ఈ ఏడు కుండ దిగి ఉందని ఆపే రోజుని వాయిదా వేశారు. కుండలోని గాలిని పట్టి ఉంచేది ఆ కొట్టే. రెండు గంటలు కాదు, రెండు నిమిషాలు ఆగినా లోపలివాళ్లు బతకరు.

"ఊళ్లో నాలుగొందల నలభై మందిమి ఉన్నాము. కుండలో పదకొండు మంది. నాను ఇంతకన్నా సెప్పలేను" అన్నారు జగ్గమ్మ గారు.

ఎవరింట్లో వాళ్లం విన్నాం. ఇదివరకైతే నడవలోకి వచ్చి ఒకరి భుజం మీద ఒకరం పడి ఏడ్చేవాళ్లం. గోడకి చెవి ఆనిస్తే పోలమ్మ వదిన ఏడుపు వినపడింది. నేను గోడ మీద రెండుసార్లు కొట్టాను. తనూ కొట్టింది.

రోజుకి పదిహేను పోతున్నాయి. డెబ్బై ఒకటో రోజుకి ముప్ఫై అవుతుంది. కుండ ఎనభయ్యో రోజుకి గాని రాదు.

64వ రోజు

కుండలో వాళ్లతో గొట్టంలో మాట్లాడే వంతు మా ఇంటికి వచ్చింది. కుండలో వాళ్లు పీల్చే గాలికి గొంతు సన్నగా, పిల్లకాకి అరిచినట్టు మారుతుంది. మొదట్లో నవ్వు వచ్చేది.

"ఏటే, తిన్నావేటి" అన్నారు మా ఆయన.

తిన్నానన్నాను. మామ పక్కనే ఉన్నారు.

"అయ్య ఎలాగున్నాడు? పైనంతా బాగుందా? లాగడం మొదలెట్టినారు గదా, ఇంక పదారు రోజులు. ఇక్కడ లోకునాయుడు రోజుకో గీత గీత్తన్నాడు. వాడి పెళ్లాంతో సెప్పు, సన్నగైపోనాడని."

లోకునాయుడంటే పోలమ్మ వదిన భర్త. చెబుతానన్నాను. కుండలో వాళ్లకి కొట్టు సంగతి చెప్పకూడదని జగ్గమ్మ గారి ఆజ్ఞ. పైనంతా బాగుందన్నాను.  గొట్టం మూత మామే మూశారు.

65వ రోజు

పొద్దున ముల్లు నూట పదిహేడు. నీళ్ల కోసం విన్నపం చెప్పబోయాను. ముల్లు నా మొహం ముందే ఉంది. నీళ్లు రెండు అన్నాను, ముల్లు రెండు గీతలు దిగింది. దీపం ఒకటి అన్నాను, ఇంకో గీత దిగింది. పేరు దగ్గర ఆగిపోయాను. మా ఆయన కుండలో ఉన్నారన్న సంగతి మనసులో మెదిలి, ఆ పేరు బయటికి రాలేదు. విన్నపం తెలియలేదు అంది చెవి. ముల్లు పైకి లేవలేదు.

మళ్లీ చెప్పాను, మళ్లీ ఆగాను. ఇంకో మూడు దిగింది. మూడోసారి పూర్తిగా చెప్పగలిగాను. నీళ్లు వచ్చాయి, దీపం వెలిగింది. కాసేపటికి ఆ మూడూ పైకి లేచాయి. ముందు తప్పిన ఆరు మాత్రం తిరిగి రాలేదు.

వాటాలు ఎక్కడికి పోతున్నాయో నాకు అర్థమైంది. మేం నోరు విప్పి పూర్తి చెయ్యని ప్రతి విన్నపం దగ్గరా పోతున్నాయి. పదకొండు ఇళ్ల ఆడవాళ్లం సిగ్గుపడుతూ మా మగవాళ్ల గాలిని పోగొడుతున్నాం.

ఈ సంగతి మామకి చెప్పలేకపోయాను. చెప్పాలంటే మీ అబ్బాయి పేరు దగ్గర నా నోరు పెగల్లేదని ఆయన మొహం మీద చెప్పాలి. అంతకన్నా కష్టం ఇంకోటి ఉంది. కార్డులు రాసింది ఆయన.

67వ రోజు

రెండు రోజులు మింగుకుని కూర్చున్నాను. ఆ రెండు రోజుల్లో ఇరవై తొమ్మిది వాటాలు పోయాయి. అవి నా లెక్కలో పోయినవే. ఈ కాయితం మీద రాసుకోకపోతే నాకు తెరిపి ఉండదు.

ఈ రోజు ముల్లు ఎనభై ఎనిమిది అని చెప్పాక తలుపు చాటు నుంచి పోలేదు. మామా, ముల్లు మీద వేలు పెట్టి చూడండి అన్నాను. ఆయన లేచి వచ్చి, అద్దం తీసి ముల్లు మీద వేలు ఆనించారు. నేను గొట్టంలో తలుపు ఒకటి అన్నాను. ఆయన వేలు కిందకి జరిగింది. కావాలనే ఆగిపోయాను. చెవి, తెలియలేదు అంది. ఆయన వేలు చాలాసేపు అలాగే ఉంచారు.

"ఇంకోపాలి సెయ్యి" అన్నారు.

ఇంకో వాటా పోతుందన్నాను.

"పోనీ. సెయ్యి."

చేశాను. తర్వాత ఆయన మంచం మీద కూర్చుని, ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పారు. చెవిని ఎవరూ చేత్తో చెయ్యరు. సూత్రాలు కార్డుల మీద రాసి అల్లిక మరలో పెడితే మరే చెవిని అల్లుతుంది. చెవి ఒక్కో మాట వినగానే దాని వాటా కొట్టు నుంచి తీసి పట్టుకుంటుంది. విన్న ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. 'ఇప్పించండి' వినపడ్డాక అన్నీ కలిపి పని చేయించి, వాటాలు తిరిగి ఇస్తుంది. ఆ తిరిగి ఇవ్వడం మరకి తనంతట తెలియదు. సూత్రం రాసేవాడే ప్రతి చోటా రాయాలి. ఆయన రాశారు. పూర్తయిన విన్నపాలకి రాశారు. మధ్యలో తెలియని మాట వస్తే చెవి పేర్చిన ముక్కలన్నీ కిందకి జార్చేసి కొత్తగా మొదలుపెడుతుంది. అలా జారిన ముక్కల చేతిలో ఉన్న వాటాలని ఏం చెయ్యాలో ఆయన రాయలేదు. చెవి వాటిని మరిచిపోతుంది. కొట్టు మాత్రం అవి ఎవరో వాడుకుంటున్నారనే అనుకుంటుంది.

"అప్పుడు నాకు తెలుసు" అన్నారు. "తెలిసే ఒగ్గీసినాను. ఏడాదికోపాలి కొట్టు ఆపుతాము గదా, అప్పుడు అన్నీ ఒచ్చీత్తాయి గదా అనీసి."

ముప్ఫై ఏళ్లు అలాగే వచ్చాయి. ఏడాది చివర నూరో, నూట యాభయ్యో జారి ఉండేవి. ఎవరికీ పట్టలేదు.

మధ్యాహ్నం జగ్గమ్మ గారికి చెప్పారు. తను రాయలేదన్న మాట చెప్పలేదు. విన్నపాలు తెగితే వాటాలు జారుతున్నాయని మాత్రం చెప్పారు. వెంటనే జగ్గమ్మ గారు గొట్టంలో ఆజ్ఞ వేశారు. ఆడవాళ్లు సిగ్గు మాని పేర్లు చెప్పాలి, తప్పినవాళ్ల ఇంటికి మర్నాడు తిండి తలుపు తెరవరు.

68వ రోజు

డెబ్బై రెండు. భయానికి ఇంకా ఎక్కువ తప్పుతున్నారు. అందరూ పేరు చెబుతున్నారు, అందరూ వెనక గారు అంటున్నారు.

గారు కూడా తెలిసేలా కార్డులో రాయొచ్చు కదా మామా అని అడిగాను.

"ఈయాల గారు రాత్తాను. రేపొకతి తుమ్ముద్ది. తుమ్ముకీ రాయమంటావేటి? మనుసులు సవాలక్ష రకాలుగా తప్పుతారు. తప్పినప్పుడు సేతిలోది కింద పెట్టడం దానికి నేర్పాలి."

జారిపోయినవి ఇక దొరకవన్నారు. అవి ఎక్కడున్నాయో చెవికే గుర్తు లేదు. కొట్టుని ఆపే దాకా అవి లేనట్టే. ఇంకొకటి జారకుండా ఆపితే, ఉన్న కాసిన్నింటినీ తిప్పి తిప్పి వాడుకుంటూ కుండ వచ్చేదాకా నెట్టుకురావచ్చు. చెవి ఒక్కదాన్నే మార్చడానికి కొట్టుని ఆపక్కర్లేదు. రెండు విన్నపాల మధ్య పాతది తీసి కొత్తది పెట్టొచ్చు.

రోజంతా కార్డులు చదివాను. నూట నలభై ఉన్నాయి. నా గొంతు బొంగురుపోయింది. చెవి పేర్చే ముక్కలు ఆరు రకాలని తేలింది. నీళ్లు, తలుపు, దీపం, తిండి, మందు, మనిషి.

69వ రోజు

యాభై అయిదు. గోడల మీద తేమ తుడవలేదు. ఆయన కూడా అడగలేదు.

మామ చెప్పారు, నేను కొత్త కార్డు మీద రాశాను. నీళ్లు జారిపోతే, దాని వాటా కొట్టుకి తిరిగి ఇయ్యి. తలుపు జారిపోతే, దాని వాటా కొట్టుకి తిరిగి ఇయ్యి. దీపం, తిండి, మందు. ఒక్కో రకానికి ఒక్కో వరస. అయిదు రాశాను.

"మనిసి జారిపోతే, దాని వాటా కొట్టుకి తిరిగి ఇయ్యి" అన్నారు.

నేను రాయలేదు. నిన్న చదివిన కార్డులు మనసులో ఉన్నాయి. తలుపు కార్డు మీద 'కొట్టు నుంచి ఒక వాటా తీసి పట్టుకో' అని ఉంది. మిగతా నాలుగింటి మీదా అంతే. మనిషి కార్డు మీద ఆ మాట లేదు. 'పేరు వింటే, కొట్టులో ఆ మనిషి నిలవ వాటా ఎక్కడుందో చూపు' అని ఉంది. మనిషి బతకడానికి పుట్టిన రోజు నుంచి కొట్టులో విడిగా ఉండే వాటా అది. చెవి దాన్ని కొత్తగా తియ్యదు. వేలు పెట్టి చూపిస్తుంది అంతే. తీసింది తిరిగి పెట్టాలి. చూపించినదాన్ని తిరిగి పెడితే, అది ఉన్న మనిషి దగ్గర నుంచి లాక్కుని పెట్టినట్టు.

పోలమ్మ వదిన రేపు పొద్దున, తలుపు ఒకటి, లోకునాయుడు గారు అంటుంది. చెవి తెలియలేదంటుంది. పేర్చినవన్నీ జారుస్తుంది. తలుపు వాటా కొట్టుకి వెళుతుంది. లోకునాయుడి ఊపిరి వాటా కూడా దాని వెనకే వెళుతుంది. కుండలో ఆయన పక్కన మా ఆయన ఉన్నారు. ఆ పక్క రోజు నా నోరు తడబడుతుంది.

"రాసినావా?" అన్నారు మామ.

మామా, మనిషికి చెవి కొత్తగా వాటా తీస్తుందా అని అడిగాను. ఆయనతో అంత పెద్ద మాట నేనెప్పుడూ అనలేదు.

ఆయన మొహం ఎర్రబడింది. "ఒగ్గీసే ఈ గతి తెచ్చినాను. ఇంక ఏదీ ఒగ్గను. నువ్వు నాకు సూత్రాలు సెప్పకు గుంటా. రాసీ."

నేను కలం కార్డు మీద పెట్టి గీరాను. కాని సిరా లేని వైపు తిప్పి గీరాను, అక్షరం పడలేదు. ఆయనకి కలం చప్పుడు వినపడింది. చదవమంటారేమోనని భయపడ్డాను. చదవమనలేదు. కార్డు తీసుకుని, ముందూ వెనకా తడిమి, తనే మరలో పెట్టారు. అల్లడం అయ్యేసరికి తిండి బుట్ట వచ్చే వేళ అయింది. వరసంతా వినే ఆ కొత్త చెవిని మా గోడ అరలోకి నెట్టింది కూడా ఆయన చేతులే.

70వ రోజు

ముప్ఫై తొమ్మిది. ముల్లు దగ్గర నిలబడ్డాను. పక్క గోడ అవతల పోలమ్మ వదిన గొట్టం మూత తీసిన చప్పుడు వినపడింది. ముల్లు పక్కన కుండ వాళ్ల పదకొండు చిన్న ముళ్లు ఉన్నాయి. లోకునాయుడిది నాలుగోది, మా ఆయనది అయిదోది.

పెద్ద ముల్లు మూడు గీతలు దిగింది. తలుపు ఒకటి, నీళ్లు రెండు అనుకున్నాను. ఆగింది. తను పేరు చెప్పే చోటు ఇదే. గారు కూడా అనేసి ఉంటుంది. మూడు గీతలూ వెంటనే పైకి లేచాయి. మళ్లీ ముప్ఫై తొమ్మిది.

నాలుగో చిన్న ముల్లు కదల్లేదు. నేను నేల మీద కూర్చుండిపోయాను.

మామ వేలు పెట్టి చూసుకున్నారు. సాయంకాలం దాకా అక్కడే నిలబడ్డారు. ముల్లు దిగడం, లేవడం, దిగడం, లేవడం. రోజు ముగిసేసరికి ముప్ఫై తొమ్మిది. అప్పుడు ఆయన నవ్వారు, నాలుగేళ్లలో ఆయన నవ్వు నేను చూడడం అదే మొదలు.

72వ రోజు

ఇంకా ముప్ఫై తొమ్మిది. కొట్టుని ఆపబోమని జగ్గమ్మ గారు గొట్టంలో చెప్పారు. తలుపులు మాత్రం కుండ వచ్చేదాకా మూసే ఉంటాయి.

తర్వాత మా ఇంటి గొట్టంలో విడిగా మాట్లాడారు. తూర్పు మెట్ట వాళ్ల చెవి కూడా మన కార్డుల నుంచి అల్లిందే కదా, వాళ్లకీ ఈ వరసలు పంపాలి, చెప్పండి రాసుకుంటాను అన్నారు. అలా అడిగినందుకు మామ పొంగిపోయారు.

"కోడలు సదువుతాది" అన్నారు.

నేను గొట్టం ముందు నిలబడ్డాను. మామ మంచం మీద కూర్చుని వేళ్లు లెక్కపెట్టుకుంటున్నారు. నీళ్లు. ఒక వేలు ముడిచారు. తలుపు, దీపం, తిండి, మందు. ఒక చెయ్యి మూసుకుంది. రెండో చేతి బొటనవేలు లేపి పట్టుకుని ఉన్నారు. అవతల జగ్గమ్మ గారి కలం ఆగింది.

నేను ఆపేస్తే, ఆరోది ఏదీ అని ఆయన అడుగుతారు. నేను రాయలేదనాలి. ఎందుకు రాయలేదో చెప్పాలి. తన కొడుకు ఊపిరి తియ్యమని తనే చెప్పారని, నాలుగో తరగతి చదివిన కోడలు పట్టుకుందని, జగ్గమ్మ గారు వింటుండగా ఆయనకి తెలియాలి.

మనిషి జారిపోతే, దాని వాటా కొట్టుకి తిరిగి ఇయ్యి అని చదివాను. కార్డు మీద లేని వరసని, ఉన్నట్టే, అక్షరం తప్పకుండా చదివాను. ఆయన బొటనవేలు ముడిచారు. జగ్గమ్మ గారి కలం మళ్లీ కదిలింది.

74వ రోజు

మామ ఆ వరసలు రోజూ సాయంకాలం నాతో చదివించుకుంటున్నారు. ఈ రోజు అయిదోది అయ్యాక నేను ఊపిరి పీల్చుకున్నాను.

"ఆరోది ఒద్దులే అమ్మా" అన్నారు.

 ఆయన గోడ వైపు తిరిగి ఉన్నారు. ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. కూర్చుని కూర్చుని ఆయనే తీగ లాగి ఉంటారు. మనిషి కార్డు ఆయన రాసిందే కదా. 

నేనే అన్నాను, ఆ కాయితం తూర్పు మెట్టకి వెళ్లిపోతుంది మామా అని.

"ఆలు సదూకున్నోలు. సూసుకుంటారు."

సూసుకోకపోతే అన్నాను.

ఆయన దుప్పటి ముసుగు పెట్టుకున్నారు. నేను తలుపు చాటుకి వచ్చేశాను. ఆ తర్వాత ఆయన వరసలు చదవమని అడగలేదు. అన్నం సగం వదిలేస్తున్నారు.

80వ రోజు

కుండ వచ్చింది. పదకొండు మందీ నడిచి బయటికి వచ్చారు. మా ఆయన కళ్లు లోపలికి పోయాయి. తలుపు తెరిచినప్పుడు మామ లేచి నిలబడి చేతులు ముందుకు చాపారు. కొడుకు చేతికి అందాక అతని తల, మొహం, భుజాలు, వేళ్లు ఒక్కొక్కటీ తడిమి చూశారు. నన్ను పిలవలేదు. పిలిచినా వెళ్లగలిగేదాన్ని కాదు.

మా ఆయనకి నేను ఏమీ చెప్పలేదు. చెబితే నాన్న దగ్గరికి వెళతారు.

81వ రోజు

రేపు కొట్టుని ఆపుతారు. ఆపాక జగ్గమ్మ గారి కాయితం మునక బండిలో మీ ఊరికి వస్తుంది. ఈ ఉత్తరం ఎండుచేపల మూటలో పెట్టి, అదే బండిలో, సూత్రాల వారి ఇంటావిడకి అని పంపుతున్నాను. మీ ఊళ్లో రెండు కుండలు దిగి ఉన్నాయని విన్నాను.

అక్కగారూ, ఆ కాయితం మీద ఆరు వరసలు ఉంటాయి. మొదటి అయిదూ మంచివి. వాటిని మీ వారి కార్డుల్లో పెట్టించండి. ఆరోది పెట్టనివ్వకండి. ఎందుకో ఈ కాయితాల్లో ఉంది. నాకన్నా మీ వారికి బాగా తెలుస్తుంది. ఆయనే చదివి, ఆయనే పట్టుకున్నట్టు మీ పెద్దలకి చెబితే చాలు. సూత్రాల వాళ్లు ఒకరి వరసలు ఒకరు దిద్దుకోవడం మామూలేనట, ఎవరూ అడగరు. మా మామ పేరు, నా పేరు రానివ్వకండి. ఆయన చెడ్డ మనిషి కాదు. ముప్ఫై ఏళ్లు ఈ ఊరు ఆయన రాసినదాని మీద ఊపిరి పీల్చింది. ఇప్పుడు ఆయనకి మిగిలిన మంచిమాట ఈ అయిదు వరసలదే.

ఒకవేళ మీ వారు అప్పటికే ఆరూ అల్లేసి ఉంటే, ఎవరినీ విన్నపం చెప్పనివ్వకుండా ముందు చెవిని పీకేయమనండి. తర్వాత మాటలు.

చదవడం అయ్యాక ఇది కాల్చేయండి. మంట వాటా అడగకండి, ఎందుకని అడుగుతారు. వంట పెనం ఎర్రబడ్డాక దాని మీద ఒక్కో కాయితం పెట్టండి, అన్నీ ఒకేసారి పెడితే పొగ నడవలోకి వస్తుంది. ఎవరైనా వాసన పట్టుకుంటే ఎండుచేప మాడిందని చెప్పండి.